బొంత మీద పరుగు

కరోనా వచ్చి అన్నీ మూసేసిన ఆ వేసవికి నా డిగ్రీ అయిపోయి ఏడాది కావస్తోంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తయారవుతున్నాను. రాతపరీక్ష అంటే గుబులు ఉండేది కానీ పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం అంటే ఉండేది కాదు. కాలేజీలో కబడ్డీ ఆడినదాన్ని. తెల్లారగానే పటాన్‌చెరు మైదానానికి పోయి, ఒళ్లంతా తడిసిపోయేదాకా పరుగెత్తి, ఇంటికొచ్చి అమ్మ వేసిన దోసెలు ఎన్ని తింటున్నానో చూసుకోకుండా తినేదాన్ని. ఒక పొద్దున వెళ్లేసరికి మైదానం గేటుకు గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"బంద్ అమ్మా, బంద్. ఇంటికి పో. ఎప్పుడు తెరుస్తరో నాకే ఎరుక లేదు."

ఆ రోజు నుంచి నాలో మొదలైన చికాకును ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మనుషుల ప్రాణాలు పోతున్నాయని టీవీలో చూపిస్తుంటే, నాకు పరుగెత్తడానికి చోటు లేదని ఏడవడం నాకే సిగ్గుగా ఉండేది. కానీ ఒళ్లు ఊరుకోదు కదా. కాళ్లు పీకేవి. అన్నం దిగేది కాదు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీని పొద్దంతా చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మ ఏదైనా అడిగితే కసిరేదాన్ని. అమ్మ ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. బడి మూతపడి, జీతం ఆగిపోయి తనూ ఇంట్లోనే ఉంది. ఇద్దరం ఆ ముందుగదిలో ఒకరికొకరం అడ్డం పడుతూ తిరిగేవాళ్లం.

నాన్నకు మాత్రం సెలవు లేదు. బొల్లారంలో మందుల ముడిసరుకు తయారు చేసే కంపెనీలో బాయిలర్ దగ్గర పని. మందుల కంపెనీ కాబట్టి మూయలేదు. కంపెనీ బస్సు వచ్చి సందు మొదట్లో హారన్ కొడితే, మాస్కు కట్టుకుని వెళ్లేవాడు. తిరిగొచ్చి స్నానం చేసేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

మేం కిరాయికి ఉన్నది మేడ మీది పోర్షన్. కింద ఇంటివాళ్లు ఉండేవారు. వాళ్లది పక్కనున్న కర్దనూర్ ఊరు. భూమి కొంత అమ్మి పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నారు. ఇంటావిడను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు ఒక్కడే కొడుకు. ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆయన్ని అన్నా అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేదాన్ని. వదినది జోగిపేట దగ్గర పల్లె. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దది అంతే. పెళ్లై వచ్చి అప్పటికి ఏడాది దాటినా ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది లేదు. మెట్ల దగ్గర ఎదురైతే నవ్వి తల దించుకునేది.

నేను మొదట డాబా మీద పరుగెత్తుదామనుకున్నాను. అది అన్న స్వాధీనంలో ఉంది. ఆయన వెళ్లే జిమ్ మూసేశారు. ఖాళీ పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, నడుమ ఇనుపరాడ్ గుచ్చి బరువులు తయారు చేసుకున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటితో కుస్తీ పట్టేవాడు. వీధిలో ఎవరు పలకరించినా అదే గోడు. "జిమ్ బంద్ అయ్యి ఒళ్లంత ఖరాబ్ అవుతుంది భయ్. పరేషాన్ అయితుంది." ఆయన లేని వేళ డాబా నిండా వడియాలు, మిరపకాయలు. ఒకరోజు నేను పైకి వెళ్లబోతే పెద్దమ్మ కింద నుంచే ఆపింది.

"బిడ్డా, ఏమనుకోకు. మీ నాయిన గా కంపెనీల ఎంతమందిని కలుస్తడో ఏమో. మా కొడుకు గాడ కసరత్తు చేస్తడు. మీరు జెర పైకి పోకుండ్రి."

ఇంట్లోకి వచ్చి తలుపు గట్టిగా వేశాను. అమ్మ ఉలిక్కిపడింది.

"తలుపు మీద చూపిస్తే ఏమొస్తది?" అంది.

"మరి ఎవరి మీద చూపియ్యాలె?"

అప్పుడే అమ్మకు సజ్జ మీద ఉన్న అట్టపెట్టె గుర్తొచ్చింది. హైదరాబాదులో ఉండే మా చిన్నమామ తన పిల్లలు పెద్దవాళ్లై ఆడడం మానేశారని అంతకుముందు క్రిస్మస్‌కు ఇచ్చి వెళ్లిన వీడియో గేమ్ పెట్టె అది. మేం విప్పి కూడా చూడలేదు. దానికి ఒక కెమెరా ఉంటుంది. చేతిలో ఏమీ పట్టుకోనక్కరలేదు. టీవీ ముందు మనం గెంతితే తెర మీద బొమ్మ గెంతుతుంది. మనం గాలిలో పిడికిలి విసిరితే బొమ్మ బాక్సింగ్ చేస్తుంది. ఉన్నచోటనే నిలబడి మోకాళ్లు ఎత్తి పరుగెత్తితే, అది అడ్డుకర్రలు దాటుకుంటూ మైదానమంతా పరుగెత్తుతుంది.

దాన్ని టీవీకి తగిలించడానికే ఒక పూట పట్టింది. ఆడదామని నిలబడితే మొదలైంది అసలు బాధ. కెమెరాకు మనిషి నెత్తి నుంచి పాదాల దాకా కనిపించాలి. మా ముందుగదిలో అంత దూరం ఎక్కడిది? "స్టెప్ బ్యాక్" అని టీవీ ఇంగ్లీషులో చెప్పేది. ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. మళ్లీ "స్టెప్ బ్యాక్". మంచం ఎత్తి గోడకు ఆనించాం. కుర్చీలు స్నానాలగది ముందు పేర్చాం. అయినా వంటింటి గడపలో నిలబడితే తప్ప దానికి నా పాదాలు దొరకలేదు. వెనక ఆరేసిన అమ్మ చీర గాలికి కదిలితే, ఇంకో మనిషి ఆటలోకి వచ్చిందనుకుని నా పరుగు ఆపేసి చీర కోసం ఎదురుచూసేది.

"నేను కనపడను, నీ చీర కనపడతది దీనికి" అని అరిచాను.

అమ్మ పగలబడి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పెట్టెను కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

ఎలాగో చీర తీసి, గడపలోనే నిలబడి పరుగెత్తాను. చెమట పట్టింది. ఆట అయ్యాక తెర మీద రంగురంగుల కాగితాలు రాలి, "ఎక్సలెంట్" అని పడింది. అది బొమ్మలాటేనని తెలిసినా ఆ మాట చూస్తే ప్రాణం లేచొచ్చింది. రెండో ఆట మొదలుపెట్టాను. సగంలో ఉండగా కింద నుంచి పెద్దమ్మ కేక.

"ఏందే పిల్లా! పైన కారం దంచుతున్నరా ఏంది? మా ఫ్యాను ఊగుతుంది!"

ఆపేశాను. మర్నాడు మెల్లగా గెంతాను. మళ్లీ కేక. మధ్యాహ్నం ఆడితే ఆమె నిద్ర, సాయంత్రం ఆడితే ఆమె సీరియల్. మూడోరోజో నాలుగోరోజో, ఆపమని చెప్పడానికి వదినను పంపింది.

వదిన చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మా గుమ్మం బయట నిలబడింది. "అత్తమ్మ బంద్ చెయ్యమంటున్నది" అని చెప్పింది. చెప్పి వెళ్లిపోలేదు. తెర వైపే చూస్తూ ఉంది.

"ఇది ఉరుకుడా?" అని అడిగింది.

"ఉరుకుడే వదినా. ఉన్నకాడనే."

"ఉన్నకాడ ఉరికితే ఎక్కడికి పోతం?"

"ఎక్కడికీ పోము. పోనీకి ఎక్కడున్నది ఇప్పుడు?"

ఆమె నవ్వింది. కాసేపటికి గడప లోపలికి ఒక అడుగు వేసింది. అమ్మ లోపల్నుంచి "రామ్మా, ఏం కాదు, పిల్ల నాయిన డ్యూటీకి పోయిండు" అని పిలిచింది. వదిన ఇంకో అడుగు వేసింది.

"నేను కూడ జెర ఉరుకుదునా?"

ఆమె చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని నిలబడడం చూస్తేనే నాకు అర్థమైంది, ఈమె ఇంతకుముందు పరుగెత్తిన మనిషి అని. మోకాళ్లు ఎత్తడంలో, చేతులు ఊపడంలో తడబాటు లేదు. ఆట అయ్యేసరికి నేను అంతకుముందు తెచ్చుకున్న స్కోరును దాటేసింది. రొప్పుతూ గోడకు ఆనుకుని చెప్పింది. బడిలో ఖోఖో ఆడేదట. మండలంలో జరిగిన ఆటల పోటీల్లో పరుగులో ఫస్టు వచ్చిందట. పై పోటీలకు పంపడానికి వాళ్ల నాన్న ఒప్పుకోలేదట. ఆ తర్వాత ఇంటర్, ఆ తర్వాత పెళ్లి.

"గట్ల బంద్ అయింది" అంది.

ఆ సాయంత్రం ఆమె కిందికి వెళ్లి అత్తతో ఏం మాట్లాడిందో తెలియదు. మర్నాడు ఒక పెద్ద బొంత మోసుకుని పైకొచ్చింది. పాత చీరలన్నీ కలిపి కుట్టిన బరువైన బొంత. దాన్ని నాలుగు మడతలు వేసి గడప దగ్గర పరిచింది.

"దీని మీద ఉరికితే సప్పుడు రాదని చెప్పిన. సీరియల్ కంటె ముందు ఆడుకోమన్నది."

అప్పటి నుంచి రోజూ ఆడాం. ఆదివారాలు మాత్రం కాదు. ఆ పొద్దున మా ఇంట్లో ఫోనులో ప్రార్థన నడిచేది. ఆ రోజు ఆటపెట్టె ముట్టుకోవద్దని అమ్మ కట్టడి. మిగతా రోజుల్లో వదిన వంటా గింటా ముగించుకుని పైకొచ్చేది. నా ట్రాక్ ప్యాంటు ఒకటి ఆమెకు ఇచ్చాను. నైటీ కింద అది వేసుకుని, నైటీ పైకి దోపుకుని ఆడేది. బొంత మీద కాళ్లు మెలికపడేవి. ఆట బాగా సాగుతున్నప్పుడే కరెంటు పోయేది. మబ్బు పడితే కెమెరాకు మేం కనిపించేవాళ్లం కాదు. ఎండ ఎక్కువైతే కిటికీ వెలుతురుకు మళ్లీ కనిపించేవాళ్లం కాదు. నేను విసుక్కుంటూ టీవీని తిట్టేదాన్ని. వదినకు విసుగే లేదు. "వస్తది, జెర ఆగు" అంటూ బొంత మీద సిద్ధంగా నిలబడేది.

ఆ ఆటలో ఒక వింత ఉండేది. మనకు తెలియకుండా మధ్యలో ఫొటోలు తీసి, ఆట అయ్యాక చూపించేది. ఒకరోజు తెర మీద వదిన ఫొటో పడింది. రెండు కాళ్లూ నేలకు అందనంత ఎత్తులో, జుట్టు ముడి ఊడిపోయి, నోరంతా తెరిచి నవ్వుతూ ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి చూసింది.

"గిది నేనేనా?"

"నువ్వే వదినా."

"పెండ్లి ఆల్బం మొత్తం ఎతికినా గిట్లాంటిది ఒక్కటి లేదు" అంది. ఆ ఫొటో పోతే ఎలా అని అడిగి, నా ఫోనుతో తెరను ఫొటో తీయించుకుంది. తన ఫోనుకు పంపవద్దని మాత్రం చెప్పింది. నా దగ్గరే ఉంచమంది.

ఒక సాయంత్రం అన్న పైకొచ్చాడు. వదిన ఏం ఆడుతోందో చూస్తానని. ఆయన వెనక పెద్దమ్మ కూడా మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయట కుర్చీ వేయించుకుని కూర్చుంది. మా నాన్న కంపెనీ గురించి ఆమె భయం అప్పటికి కొంచెం తగ్గింది. అన్న తెరను చూసి పెదవి విరిచాడు.

"ఇది చిన్నపిల్లల ఆట. దీనితోని ఒళ్లు ఏం గట్టిపడతది?"

"అయితే ఆడు అన్నా. వదినతోని బాక్సింగ్ ఆడు" అన్నాను.

ఆయన చొక్కా చేతులు మడిచాడు. బరువులెత్తిన చేతులు, బలంగానే ఉన్నాయి. ఆట మొదలవగానే టీవీలోకి దూకేస్తాడేమో అన్నట్టు ముందుకు ముందుకు పోయి పిడికిళ్లు విసిరాడు. అంత దగ్గరికి పోతే కెమెరాకు మనిషి దొరకడు. తెర మీద ఆయన బొమ్మ చేతులు వేలాడేసుకుని నిలబడిపోయింది. వదిన తన చోటు నుంచి కదలకుండా, ఒక చేత్తో ముఖం కాచుకుంటూ ఇంకో చేత్తో కొడుతూ పోయింది. ఆయన బొమ్మ వెల్లకిలా పడింది.

పెద్దమ్మకు భలే ఉషారు వచ్చింది. "కొట్టు, ఇంకోటి కొట్టు! లేవనియ్యకు వాణ్ని!" అని కోడలిని ఎగదోసింది.

అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు. "కెమెరా సక్కగ లేదు, ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారీ ఓడాడు. "నేను గీ పక్కకు నిలబడత" అని చోట్లు మార్చుకుని మళ్లీ ఆడాడు. ఈసారి వదిన చేతులు నెమ్మదించాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి కనిపెట్టాను, కావాలనే నెమ్మదించింది. కానీ మధ్యలో ఏమనుకుందో, మళ్లీ పుంజుకుని కొట్టింది. ఆయన మూడోసారీ ఓడిపోయాడు. చివర్లో ఫొటోలు పడ్డాయి. ఆయన కళ్లు మూసుకుని వెనక్కి ఒరిగి ఉన్నాడు. పక్కనే వదిన పిడికిలి బిగించి ఉంది. పెద్దమ్మ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. అన్న చొక్కా చేతులు దించుకుని, "సరే, బువ్వ తిందాం పా" అని కిందికి దిగాడు.

మర్నాడు వదిన రాలేదు. నాన్నకు అన్న నుంచి ఫోను వచ్చింది. వాళ్లమ్మకు చప్పుడుతో తలనొప్పి లేస్తోందనీ, ఇక ఆ ఆట బంద్ చేయమనీ, ఏమనుకోవద్దనీ. నాన్న ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నేను బొంత పరుస్తున్నాను.

"తలనొప్పా? నిన్న గుమ్మంల కూసొని నవ్వింది నాన్నా!"

"నాకేం తెలుస్తది బిడ్డా. ఇల్లు వాళ్లది. బంద్ చెయ్."

నాకు ఆగలేదు. నీళ్ల మోటారు వేయమని చెప్పే నెపంతో కిందికి వెళ్లి పెద్దమ్మను అడిగేశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తి చూసింది.

"నాకేం తలనొప్పి లేస్తది? నేనెవ్వలతోని అన్లేదు. మీ సప్పుడు లేకుంటే నాకే పొద్దు పోతలేదు."

వదిన వంటింట్లో ఉంది. మా మాటలు వినబడే దూరమే. బయటికి రాలేదు.

నేను పైకొచ్చి అమ్మానాన్నల మీద విరుచుకుపడ్డాను. అన్నను నిలదీస్తానన్నాను. అబద్ధం చెప్పాడు కాబట్టి అడిగితే తప్పేమిటన్నాను. నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. మాస్కు తాడు ఒరుసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి. వాటికి కొబ్బరినూనె రాసుకుంటూ మెల్లగా అన్నాడు.

"వాళ్లు ఖాళీ చెయ్యమంటే యాడికి పోదాం? ఇప్పుడు నా కంపెనీ పేరు చెప్తే ఎవరు ఇల్లిస్తరు కిరాయికి? నువ్వే చెప్పు."

నేను బొంత చుట్టి మూలకు విసిరేశాను. ఆ తర్వాత కొన్నాళ్లు చప్పుడు రాకుండా, పాదాలు నేలకు అతికించినట్టు నిలబడి, చేతులతో మాత్రమే బాక్సింగ్ ఆడాను. టీవీ యథాప్రకారం "ఎక్సలెంట్" అనేది. ఒకరోజు ఆ మాట వింటుంటేనే ఒళ్లు మండి తీగ పీకేశాను.

చలికాలంలో మైదానం తెరిచారు. ఆ పొద్దున షూ లేసులు సరిగ్గా కట్టుకోకుండానే మెట్లు దిగాను, అంత ఆత్రం. ఇన్ని నెలలూ నేను ఊరికే కూర్చోలేదు కదా అని ఒక ధీమా కూడా. మొదటి చుట్టు బాగానే పోయింది. రెండో చుట్టు సగంలో ఊపిరి అందలేదు. పక్కటెముకల కింద పొడిచినట్టయింది. బొంత మీద గెంతిన కాళ్లకు గట్టినేల కొత్తగా ఉంది. ఉన్నచోట ఎగరడం వేరు, ఒంటిని మోసుకుని ముందుకు పోవడం వేరు. నడుం పట్టుకుని వంగి నిలబడ్డాను. పక్క నుంచి బడి పిల్లలు నన్ను దాటుకుంటూ పోయారు. ఆ పెట్టె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇన్నాళ్లూ నన్ను మెచ్చుకుని మెచ్చుకుని మోసం చేసిందనిపించింది. ఇంటికొచ్చి ఆ మాటే అంటే అమ్మ ఒప్పుకోలేదు.

"అది కూడ లేకపోతే నువ్వు నన్ను పీక్కుతినేదానివి" అంది.

అదీ నిజమే.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. కొంచెం నడక, కొంచెం పరుగు. నెల తిరిగేసరికి ఊపిరి కుదుటపడింది. అప్పుడు వదినను పిలిచాను. మెట్ల కింద ముగ్గు వేస్తోంది.

"రేపు నాతోని వస్తవా వదినా? అసలు ఉరుకుడు ఉరుకుదాం."

ఆమె ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి జారుతూనే ఉంది. చేయి ఆగలేదు.

"నీకైతే పరీక్ష ఉన్నది. గందుకే ఉరుకుతున్నవంటే అందరికి అర్థమైతది. నేనెందుకు పోతున్ననంటే ఏం చెప్పాలె?"

"ఉరకాలనిపించింది అని చెప్పు."

"గట్ల చెప్తే ఎవలైన ఊకుంటరా?" అని నవ్వింది. ఆ నవ్వు మొదట్లో మెట్ల దగ్గర నవ్విన నవ్వులాగే ఉంది.

దారి ఇంకో వైపు నుంచి దొరికింది. పెద్దమ్మకు షుగర్ పెరిగింది. రోజూ నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒక్కతే పోవడానికి ఆమెకు భయం. కోడలిని తోడు తీసుకుని మైదానానికి రావడం మొదలుపెట్టింది. అత్తాకోడళ్లు చుట్టూ నడిచేవారు. నేను పరుగెత్తుతూ వాళ్లను దాటినప్పుడల్లా వదిన నా కాళ్ల వైపే చూసేది. మూడోరోజు పెద్దమ్మ అలసిపోయి సిమెంటు బెంచీ మీద కూలబడింది.

"నా మోకాళ్లు పోయినయి. నేను గీడ కూసుంట. నువ్వు పో, ఆ పిల్లతోని జెర ఉరికిరా" అంది కోడలితో.

వదిన ఒక్క క్షణం నమ్మలేదు. "వద్దత్తమ్మా" అంది కానీ, అంటూనే చెప్పులు విడిచేసింది. చున్నీ నడుముకు బిగించి కట్టింది. మేమిద్దరం పక్కపక్కనే మొదలుపెట్టాం. మలుపు దగ్గర ఆమె నన్ను దాటింది. వట్టి పాదాలు, పసుపు రంగు పంజాబీ డ్రెస్సు, వెనక్కి ఎగిరే జడ. పరుగెత్తుతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను పరీక్ష కోసం నెలల తరబడి సాధన చేస్తున్న మనిషిని. ఆ చుట్టులో ఆమెను అందుకోలేకపోయాను. ఆగాక ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గుతూ, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఉంది.

"ఇంకోసారి?" అన్నాను.

"ఇంకోసారి" అంది.

నాలుగైదు రోజులు అలా సాగింది. ఆ తర్వాత అన్న తన బండి మీద వాళ్లమ్మను మైదానానికి తీసుకురావడం మొదలుపెట్టాడు. వదినను ఎవరూ రావద్దనలేదు. పరుగెత్తవద్దని ఎవరూ కోప్పడలేదు. వీధిలో అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు, తల్లిని రోజూ నడిపిస్తున్నాడని, ఎంత మంచి కొడుకని. పెళ్లాం మీద భారం పడకుండా తనే చూసుకుంటున్నాడని మా అమ్మ కూడా అంది. నిజంగానే ఆయన మంచి కొడుకు. అందులో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. తల్లి చేయి పట్టుకుని, ఆమె అడుగుకు తగ్గట్టు అడుగు వేసేవాడు. నేను దాటిపోతుంటే "బాగున్నవా చెల్లె, పరీక్షెప్పుడు?" అని అడిగేవాడు. నేను జవాబు చెప్పకుండా వేగం పెంచేదాన్ని. ఏమని చెప్పను? ఆయన తప్పు చేశాడని ఎవరికి నిరూపించను?

ఒకసారి వదినతోనే అన్నాను. "నువ్వు కూడ వస్తనని చెప్పొచ్చు కదా."

"చెప్పిన. బండి మీద ముగ్గురం పట్టమన్నడు."

తర్వాత రెండోసారి కరోనా వచ్చింది. మైదానానికి మళ్లీ తాళం. ఈసారి టీవీ ఆట కూడా లేదు. మామ పిల్లలకు ఇంట్లో పొద్దుపోవడం లేదని అంతకుముందే ఆ పెట్టెను వెనక్కి తీసుకెళ్లారు. ఆ వేసవిలో మా సందులోనే ఇద్దరు పోయారు. నాన్నకు జ్వరం వచ్చి తగ్గింది. ఆ భయంలో పరుగు గురించి తలుచుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. వదిన అప్పటికి నెల తప్పింది. ఆ ఏడాది చివర్లో కొడుకు పుట్టాడు.

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ చాలా ఆలస్యంగా వచ్చింది. పరుగు పరీక్షలో నేను నిలిచాను. చివరి రాతపరీక్షలో పోయాను. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కొన్నాళ్లు మంచం దిగలేదు. ఆ తర్వాత బొల్లారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేరాను. నాన్న రిటైరయ్యాక మేం ఆ ఇల్లు ఖాళీ చేసి వేరే కాలనీకి మారాం.

ఈ మధ్య షిఫ్టు దిగి వస్తుంటే వదిన కనిపించింది. షేర్ ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆమె కొడుకును బడి నుంచి తీసుకుపోతోంది. వాడు ఆమె చేయి విడిపించుకుని ముందుకు పరుగెత్తితే, బ్యాగు భుజాన వేసుకుని వెంటపడి పట్టుకుంది. ఒళ్లు కొంచెం వచ్చింది. రొప్పుతోంది. నన్ను చూసి గట్టిగా చేయి పట్టుకుంది.

"ఇంక ఉరుకుతున్నవా?" అని అడిగింది.

"ఎక్కడ వదినా. పొద్దుగాల బస్సెక్కుడు, వచ్చి పండుడు. నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నయి."

"గా ఫొటో ఉన్నదా?"

ఉంది. ఫోను మారినా జాగ్రత్తగా దాచుకున్నాను. చూపించాను. కొడుకు కూడా తొంగి చూసి, "గిదెవరు?" అని అడిగాడు. ఆమె వాడికి చెప్పలేదు. ఫోను నాకిచ్చేసి, కొడుకు బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుంది.

"వీడు ఇప్పుడు బడికి పోతున్నడు. పొద్దుగాల నాకు జెర టైం దొరుకుతుంది. మైదానం కాడికి నువ్వొస్తవా? నువ్వొస్తె నేనొస్త. ఈసారి ఎవ్వలకు ఏం చెప్ప."

నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే చతికిలబడింది కూడా. వాడు బడికి పోయే వేళకు నేను కంపెనీలో ఉంటాను. సాయంత్రం అంటే ఆమెకు వంట. రాత్రి షిఫ్టు ఉన్న వారం వస్తానన్నాను, ఆ వారమంతా పొద్దున పెద్దమ్మను ఆమె ఆసుపత్రికి తీసుకుపోవాలట. ఆదివారం అంటే నాకు చర్చి, వాళ్లింటికి చుట్టాలు. ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఒక కాలు ఆటోలో, ఒక కాలు రోడ్డు మీద పెట్టుకుని ఇంకా వారాలు, షిఫ్టులు చెప్పుకుంటూనే ఉన్నాం. పిల్లవాడు ఆకలి అని ఆమె కొంగు గుంజుతున్నాడు.

"ఫోన్ చేస్త" అంది.

ఆ తర్వాత రెండుసార్లు మాట్లాడుకున్నాం. ఇద్దరికీ కుదిరే పొద్దు ఇంకా దొరకలేదు. వచ్చే నెల నా షిఫ్టు మార్చమని మా సెక్షన్ సూపర్‌వైజరును అడిగాను. కారణం ఏమిటని అడిగాడు. పరుగెత్తాలి అన్నాను. నవ్వులాటకు అన్నాననుకుని నవ్వి, వేరే పని మీద వెళ్లిపోయాడు. రేపు మళ్లీ అడుగుతాను.